ఎంత పడిందో సరే, ఎలా కొలిచావు?

చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చలికాలం వచ్చిందంటే ఒక పోటీ మొదలవుతుంది. పొద్దున్నే ఒకరు "మాకు ఎనిమిది ఇంచులు" అంటారు. పక్క వీధి నుంచి "మాకు పది" అని జవాబు. అంతలో ఇంకొకరు "మా డ్రైవ్‌వేలో అడుగు పైనే" అంటూ మంచులో పార గుచ్చి ఫొటో పెడతారు. చలి సంగతీ అంతే. ఒకాయన కారు డాష్‌బోర్డు ఫొటో పెడతాడు, మైనస్ 11 (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే). మరొకాయన ఫోన్ స్క్రీన్‌షాట్ పెడతాడు, మైనస్ 35. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక పార్కు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. మొదటాయనది కారు ముందుభాగంలో, ఇంజను వేడి తగిలే చోట ఉన్న సెన్సార్ చెప్పిన మాట. రెండో ఆయనది విండ్ చిల్, అంటే ఉష్ణోగ్రతకు గాలి వేగం కలిపి వేసిన లెక్క. ఏ థర్మామీటర్లోనూ అది కనిపించదు.

ఇలాంటప్పుడు "ఎలా కొలిచారండీ?" అని అడగడం నాకు అలవాటు. దాంతో గ్రూపులో నాకు చాదస్తురాలినన్న పేరు స్థిరపడిపోయింది. సరే, ఆ చాదస్తం తరఫున వకాల్తా పుచ్చుకునే ఇది రాస్తున్నాను. ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొలిచారో తెలియని అంకె వల్ల వాతావరణం గురించి మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఖరీదైన యంత్రం కొన్నా ఆ లోటు తీరదు. వాతావరణ మార్పు గురించి మనవాళ్లు విందు పార్టీల్లో చేసుకునే వాదనల్లో సగం గందరగోళం కూడా ఇక్కడి నుంచే పుడుతోందని నా అనుమానం.

ముందు మంచు సంగతి చూద్దాం. వాన కొలవడం తేలిక, గొట్టంలో పడిన నీళ్లు గొట్టంలోనే ఉంటాయి. మంచు అలా కాదు. పడుతూ పడుతూనే తన బరువుకి తానే కుంగుతుంది. నేల ఇంకా వెచ్చగా ఉంటే అడుగు నుంచి కరుగుతుంది. గాలి వీస్తే పక్కింటి ఫెన్స్ వారగా నడుం లోతు పోగుపడుతుంది, మన లాన్ మీద గడ్డి బయటికి కనిపిస్తూ ఉంటుంది. అందుకని "ఎంత పడింది" అన్న ప్రశ్నకు జవాబు నేల మీద సిద్ధంగా ఉండదు. దేని మీద కొలవాలి, ఎప్పుడు కొలవాలి, కొలిచాక తుడవాలా వద్దా అని నలుగురూ ఒక ఒప్పందానికి వస్తేనే జవాబంటూ ఒకటి ఉంటుంది.

ఆ ఒప్పందం అమెరికాలో ఇలా ఉంది. పదహారు అంగుళాల చదరమో, రెండడుగుల చదరమో ఒక ప్లైవుడ్ ముక్క, దానికి తెల్ల రంగు. ముదురు రంగైతే వెలుతురుకే వేడెక్కి మొదట పడిన మంచును కరిగించేస్తుంది. ఇంటికీ చెట్లకూ వీలైనంత దూరంగా నేల మీద పెట్టి, పక్కన ఒక చిన్న జెండా గుచ్చాలి. జెండా లేకపోతే గట్టిగా పడిన రోజు పలక ఎక్కడుందో కాళ్లతో తడుముకోవాల్సిందే. మంచు ఆగగానే, కుంగకముందే, స్కేలు నిటారుగా దించి అంగుళంలో పదో వంతు వరకూ చదవాలి. మామూలు హార్డ్‌వేర్ షాపు స్కేళ్ల మీద ఎనిమిదో వంతులు, పదహారో వంతులు ఉంటాయి. వాటితో చదివి మనసులో మార్చుకుందాం అనుకుంటే, గ్లవ్స్ వేసుకున్న చేత్తో, కళ్లద్దాల మీద ఆవిరి గడ్డకడుతుంటే కుదిరే పని కాదు. పదో వంతుల స్కేలే కొనుక్కోవాలి. చదివాక పలక తుడిచి, కొత్త మంచు పైకి తెచ్చి మళ్లీ పెట్టాలి. రోజుకు ఒక్కసారి తుడిస్తే చాలు. ఎక్కువసార్లు కావాలంటే ఆరేసి గంటలకు ఒకసారి, అంతకు మించి వద్దు. పడిన మంచు వేరు, పాతా కొత్తా కలిసి నేల మీద ఉన్న మంచు లోతు వేరు. రెండో లెక్కను పూర్తి అంగుళాల్లోనే రాస్తారు. డ్రైవ్‌వేలో పార గుచ్చిన ఫొటోకు ఈ రెంటిలో దేనితోనూ సంబంధం లేదు. అది స్నో బ్లోయర్ ఎగజిమ్మిన గుట్ట.

ఆరు గంటల నియమం మీద ఒక పేరుమోసిన తగాదా ఉంది. మిడ్‌వెస్ట్‌ది కాదు, కానీ మనలాగే ఒక పెద్ద సరస్సు పక్కన జరిగింది. 1997 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటెగ్యూ అనే ఊళ్లో ఒక పరిశీలకుడు 24 గంటల్లో 77 అంగుళాలు పడిందని రాశాడు. నిలబడి ఉంటే దేశం మొత్తానికి రికార్డు అయ్యేది. నిపుణుల కమిటీ కూర్చుని విచారిస్తే తేలిందేమిటంటే, ఆయన ఆ 24 గంటల్లో ఆరుసార్లు కొలిచి ఆ ఆరింటినీ కూడాడు. నాలుగుకు మించి కూడకూడదు. రికార్డు చెల్లదన్నారు. పాపం ఆ మనిషి నిద్ర మానుకుని, చీకట్లో, చలిలో అన్నిసార్లు బయటికి వెళ్లి కొలిచాడు. ఎక్కువ శ్రద్ధ పెట్టినందుకు శిక్షా అని చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ తీర్పు న్యాయంగానే తోస్తుంది. మంచు కుంగే అవకాశం ఇవ్వకుండా గంట గంటకూ తుడిచి కూడుకుంటూ పోతే ఏ పెరట్లోనైనా రికార్డు పుట్టించవచ్చు. పాత అంకెలతో పోల్చాలంటే పాత పద్ధతిలోనే కొలవాలి.

దీనికి సరిగ్గా ఎదురు కథ మా ఇల్లినాయ్‌లో ఉంది. 2019 జనవరి చివరి చలి ఇక్కడున్న వాళ్లెవరికీ మరపు రాదు. జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 31 సెల్సియస్. విండ్ చిల్ మైనస్ 50 దాటింది. ఇండియా నుంచి వచ్చిన ప్రతి ఫోన్‌లోనూ "మైనస్ యాభై అంటగా" అన్న మాటే. మర్నాడు ఉదయం రాక్‌ఫర్డ్‌లో మైనస్ 31 ఫారెన్‌హీట్ నమోదై ఆ ఊరి రికార్డు బద్దలైంది. అదే ఉదయం రాష్ట్రపు వాయవ్య మూలన, కొండల మధ్య ఉన్న మౌంట్ క్యారల్ అనే చిన్న ఊళ్లో మైనస్ 38 నమోదైంది. 1999లో కాంగర్‌విల్‌లో నమోదైన మైనస్ 36 అప్పటిదాకా రాష్ట్ర రికార్డు. మౌంట్ క్యారల్ అంకెను వెంటనే ఒప్పేసుకోలేదు. రాష్ట్ర కమిటీ పరికరాన్నీ చుట్టూ ఉన్న పరిస్థితులనూ పరిశీలించింది, ఆ చుట్టుపక్కల ఊళ్ల అంకెలతో సరిచూసింది, అప్పుడు ఔనంది. ఆకాశంలో మబ్బు లేదు, నేల మీద కొత్త మంచు, గాలి నెమ్మదించింది. అలాంటి రాత్రి బరువైన చల్లగాలి పల్లానికి జారి అక్కడే మడుగు కడుతుంది. కారణం తెలుసు, పద్ధతి సరిగ్గా ఉంది, అంకె నిలబడింది.

అసలు "చికాగోలో ఇవాళ ఎంత" అన్నప్పుడు ఏ చికాగో? అధికారిక స్టేషన్ 1980 జనవరిలో ఓహేర్‌కు మారింది. అంతకు ముందు 1942 నుంచి మిడ్‌వే విమానాశ్రయం. ఇంకా ముందు చికాగో విశ్వవిద్యాలయం, దానికన్నా ముందు డౌన్‌టౌన్ భవనాలు. ఒకే ఊరి పేరు మీద ఇన్ని చోట్ల లెక్కలు. మిషిగన్ సరస్సు పక్కన ఉన్న ఊళ్లో చోటు మారితే ఊరే మారినట్టు. మే నెలలో మేము శివారు ఊరైన నేపర్‌విల్‌లో ఫ్యాన్ వేసుకుని కూర్చున్న రోజున సరస్సు గట్టు మీద జాకెట్ లేకుండా నిలబడలేం. ఇరవై డిగ్రీల తేడా రావడం వింతేమీ కాదు. చలికాలం రాత్రుల్లో ఇది తిరగబడుతుంది. గట్టు మీద కాస్త నయం, మా శివార్లలో ఎముకలు కొరుకుతుంది. కాబట్టి 1967 జనవరి 26, 27 తేదీల్లో పడిన 23 అంగుళాలు ఇప్పటికీ చికాగో రికార్డు అన్నప్పుడు, అది మిడ్‌వే నాటి చికాగో అని మనసులో ఒక మూల గుర్తుంచుకోవాలి. ఆ మంచుకు రెండు రోజుల ముందు ఊళ్లో 65 డిగ్రీల ఫారెన్‌హీట్. జనం చొక్కాలతో తిరిగారు. ఇక 1978-79 శీతాకాలం మొత్తం మీద 89.7 అంగుళాలు పడింది. ఇప్పుడు సగటు నలభై లోపే. ఆ ఏడు వీధుల్లో మంచు తీయించలేకపోయిన మేయర్ మైకేల్ బిలాండిక్‌ను ఫిబ్రవరి ప్రైమరీలో జేన్ బర్న్ ఓడించింది. అదే శీతాకాలం మిషిగన్ ఉత్తర కొసన కీవినా కౌంటీలో 390.4 అంగుళాలు కొలిచారు. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి తేమ తాగి, ఆ కొండల మీద దింపేసి పోతుంది. ముప్పై రెండడుగుల పైమాట. రోడ్డు పక్కన అంత ఎత్తు కొలబద్ద బోర్డు కూడా పెట్టుకున్నారు. ఆ గర్వాన్ని నేనేమీ తప్పు పట్టను.

ఇన్ని శాటిలైట్లు, రాడార్లు ఉండగా ఇంకా కర్ర పట్టుకుని తిరిగేవాళ్లు ఎందుకని మా అబ్బాయి అడుగుతాడు. విమానాశ్రయాల్లోని ఆటోమేటిక్ యంత్రాలు ఉష్ణోగ్రత, గాలి, తేమ అన్నీ చూస్తాయి, మంచు పడుతోందని కూడా చెబుతాయి. ఎన్ని అంగుళాలు పడిందో మాత్రం చెప్పవు. ఓహేర్‌లో ఆ అంకె ఈనాటికీ మనిషి స్కేలు పెట్టి చదివితేనే వస్తుంది. రాడార్ కిరణం దూరం వెళ్లేకొద్దీ నేలకు ఎత్తుగా పోతుంది. సరస్సు మంచు తెచ్చే మబ్బులేమో తక్కువ ఎత్తులోనే ఉంటాయి. కిరణం వాటి నెత్తి మీదుగా వెళ్లిపోయిన రోజున రాడార్ బొమ్మలో ఖాళీ ఆకాశం, కింద రోడ్డు మీద మంచులో ఇరుక్కున్న వంద కార్లు. అలాంటి రోజు ఇండియానా ఉత్తరాన ఎవరో ఒకరు పెరట్లో కొలిచిన అంకే ఆధారం.

నిజానికి ఈ దేశపు వాతావరణ శాఖకు బీజం పడిందే ఒక ఔత్సాహికుడి వల్ల. విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో ఇంక్రీస్ లాఫమ్ అని ఒకాయన ఉండేవాడు. కాలువల సర్వే పనితో జీవితం మొదలుపెట్టిన మనిషి. మొక్కలు, రాళ్లు, పాత దిబ్బలు, వాతావరణం, ఏదీ వదలలేదు. ఎప్పటికప్పుడు లెక్కలు రాసుకునేవాడు. పెద్ద సరస్సుల్లో తుపానులకు మునిగే ఓడల వార్తలు పేపర్లలోంచి కత్తిరించి దాచి, పడమర నుంచి వచ్చే తుపానును టెలిగ్రాఫ్ ద్వారా ముందే చెప్పొచ్చు కదా అని 1869లో తమ కాంగ్రెస్ సభ్యుడు హాల్బర్ట్ పెయిన్ వెంట పడ్డాడు. 1870 ఫిబ్రవరిలో అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో జాతీయ వాతావరణ సేవ ఏర్పడింది. ఆ నవంబరు 8న గ్రేట్ లేక్స్‌కు మొదటి తుపాను హెచ్చరిక రాసింది కూడా లాఫమే. స్వచ్ఛంద పరిశీలకుల కోఆపరేటివ్ పథకం 1890లో మొదలైంది. దేశమంతా ఎనిమిది వేల పైచిలుకు మంది రైతులు, టీచర్లు, నీళ్ల ట్యాంకు ఆపరేటర్లు అందులో రోజూ రాస్తూ వచ్చారు. దేశ వాతావరణ చరిత్ర అని మనం అనేది చాలావరకు వాళ్ల చేతిరాతే. మా ఊళ్లల్లో మండలాఫీసు ఆవరణలో తుప్పు పట్టిన రెయిన్ గేజ్ చూసినవాళ్లకు, అందులో నీళ్లు చూసి రిజిస్టరులో ఎక్కించే అటెండరును చూసినవాళ్లకు ఈ పని కొత్తగా ఏం అనిపించదు.

నాలాంటి వాళ్లకు ఇప్పుడున్న దారి కోకోరాజ్, అంటే పెరట్లో వాన, మంచు కొలిచే మామూలు మనుషుల నెట్‌వర్క్. 1997 జూలైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఒక పక్క కుంభవృష్టి పడి ఐదుగురు చనిపోయారు. అదే ఊళ్లో మరో పక్క పడింది దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. ఆ తేడాను పట్టుకునేంత దగ్గర దగ్గరగా గేజులు లేవని తెలిసి, నోలన్ డోస్కెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1998లో మామూలు జనంతో ఈ నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ ఉంది. నాలుగంగుళాల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టం, లోపల ఒక సన్న గొట్టం, పైన గరాటు. సన్న గొట్టంలో ఒక అంగుళం వాన పది అంగుళాల ఎత్తుగా కనిపిస్తుంది, అందుకే వందో వంతు దాకా చదవగలం. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, వైఫై లేదు. చుక్క పడని రోజున సున్నా అని రాయాలి. ఆ సున్నా విలువ తెలియని వాళ్లు ఈ పనిలో ఎక్కువ రోజులు ఉండరు. ఖాళీ వదిలేస్తే పడలేదో, చూడలేదో తర్వాత వచ్చేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

చలికాలంలో గరాటు, సన్న గొట్టం తీసేసి బయటి గొట్టాన్ని ఖాళీగా పెడతాం. మంచు అందులో పడుతుంది. పొద్దున ఏడింటికి దాన్ని వంటింట్లోకి తెస్తాను. సన్న గొట్టంలో వేడినీళ్లు కొలిచి పోసి, మంచు కరిగాక మొత్తం మళ్లీ సన్న గొట్టంలోకి ఒంపి చదివి, పోసిన నీళ్లు తీసేస్తే మిగిలింది మంచులోని నీరు. మా మావయ్యగారు పల్నాడు నుంచి వచ్చి ఒక చలికాలం ఇక్కడ ఉన్నారు. పత్తి, మిరప వేసిన మనిషి. మొదటి పెద్ద మంచు రోజున పిల్లలు కేకలు వేస్తూ "తాతయ్యా, తొమ్మిది ఇంచులు!" అని స్కేలు చూపిస్తుంటే ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "అది సరేలేమ్మా, నీళ్లెన్నుంటయ్యి ఇందులో?" అన్నారు. గొట్టం తెచ్చి కరిగించి చూపించాను. అర అంగుళం కూడా రాలేదు. "ఇంతేనా? ఇంత ఆర్భాటానికి దుక్కి పదునన్నా కాదే" అని నవ్వారు. ఆ తర్వాత రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వంటింటి గట్టు దగ్గర నిలబడి, నేను చదవకముందే తనొక అంకె చెప్పేవారు. నెల తిరిగేసరికి ఆయన చెప్పే అంకెకూ గొట్టం చెప్పే అంకెకూ పెద్ద తేడా ఉండేది కాదు.

రైతు అడగాల్సిన ప్రశ్న అదే, నది పక్కన ఉండేవాళ్లు అడగాల్సిందీ అదే. పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీరు అని పుస్తకాల్లో చెప్పే మాట చేతి లెక్కకు తప్ప పనికిరాదు. గట్టి చలిలో పడే పొడి మంచు ఇరవై అంగుళాలు కరిగిస్తే ఒక్క అంగుళం నీరు వస్తుంది. మార్చిలో పడే తడి మంచు ఐదారు అంగుళాలకే అంత నీరు ఇస్తుంది, మా వెన్నూ విరుస్తుంది. 1996-97 చలికాలం రెడ్ రివర్ లోయ మంచుతో నిండిపోయింది. వసంతంలో అదంతా కరిగి ఉత్తరానికి పారే నదిలోకి వచ్చింది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర నది 49 అడుగులకు చేరుతుందని అంచనా. వచ్చింది 54.35 అడుగులు. ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది, నీళ్ల మధ్యలోనే డౌన్‌టౌన్‌లో మంటలు లేచి భవనాలు కాలిపోయాయి. ఆ ఐదడుగుల తేడాకు మంచునీటి లెక్క ఒక్కటే కారణం కాదు, వంతెనల దగ్గర నది ఎలా ప్రవర్తిస్తుందన్నది కూడా ఉంది. కానీ పొలాల్లో ఎన్ని అంగుళాల నీరు మంచు రూపంలో నిద్రపోతోందో తెలియకుండా వరద అంచనా మొదలే కాదు. మిన్నసోటాలోని చాన్‌హాసెన్‌లో నదుల అంచనా కేంద్రంలో కూర్చుని ఆ లెక్కలు వేసేవాళ్లకు పెరటి గొట్టాల అంకెలూ వెళతాయి.

ఇప్పుడు ఖరీదైన యంత్రాల మాట. మనవాళ్లలో ఐటీ ఉద్యోగాలు ఎక్కువ కాబట్టి ఇంటికో స్మార్ట్ వెదర్ స్టేషన్ రావడం సహజం. నా దగ్గరా ఒకటుంది, గాలి వేగం చూడడానికి దాన్ని మించింది లేదు. కానీ దాని వాన గరాటు మంచుతో మూసుకుపోతుంది. ఆరంగుళాల మంచు పడిన రోజున అది "వర్షపాతం సున్నా" అంటుంది. మూడు రోజుల తర్వాత ఎండ కాసి గరాటులో మంచు కరిగినప్పుడు, నీలాకాశం కింద "ఇప్పుడు వాన పడుతోంది" అని ఫోన్‌కు కబురు పంపుతుంది. ఉష్ణోగ్రత కూడా అంతే. డెక్ రెయిలింగుకు బిగిస్తే చెక్క వేడి, ఇటుక గోడకు బిగిస్తే గోడ వేడి, డ్రయర్ గొట్టం దగ్గర బిగిస్తే బట్టలు ఉతికిన వేడి. మంచు కప్పిన రోజు ఎండ కింద నుంచి కూడా ఎగిరి సెన్సార్ గూటిలోకి దూరుతుంది, రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. గడ్డి మీద, ఐదడుగుల ఎత్తులో, దేనికీ ఆనకుండా పెట్టమంటారు. పావెకరం స్థలంలో, అందులోనూ స్తంభం పాతితే వీధి అందం చెడుతుందని ఉత్తరాలు రాసే ఇళ్ల సంఘం ఉన్న చోట, అది అయ్యే పని కాదు. అందుకని నేను చెప్పేది ఒకటే. వీలైనంత మంచి చోట పెట్టండి, ఎక్కడ పెట్టారో రాసి పెట్టండి, ఇక కదపకండి. కదిపితే ఆ తేదీ రాయండి. ఏళ్ల తర్వాత ఆ ఒక్క వాక్యం యంత్రం ఖరీదు కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఎందుకో చెప్పాలంటే ఆ పార్టీల వాదన దగ్గరికి రావాలి. ఆ మధ్య ఒక ఉగాది పిక్నిక్‌లో ఒక పెద్దమనిషి, మంచి ఇంజినీరే, "ఈ గ్లోబల్ వార్మింగ్ అంకెలన్నీ మార్చేసినవండీ, పాత టెంపరేచర్లు తగ్గించి కొత్తవి పెంచారు, వెబ్‌సైట్లోనే ఉంది" అన్నారు. అంకెలు సవరించిన మాట నిజం. దొంగతనంగా కాదు, చెప్పే సవరించారు. ఎందుకు సవరించారో థర్మామీటర్ రీసెట్ చేసిన వాళ్లెవరికైనా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

పరిశీలకులు రోజుకోసారి వెళ్లి, గత 24 గంటల గరిష్ఠం, కనిష్ఠం చదివి రీసెట్ చేస్తారు. వెళ్లేది సాయంత్రం ఐదింటికి అనుకోండి. జూలైలో ఒక సోమవారం 96 దాకా పోయింది. ఐదింటికి చదివి రీసెట్ చేసేటప్పటికి ఇంకా 94 ఉంది. రాత్రి ఉరుములతో వాన పడి, మంగళవారం 82 దాటలేదు. అయినా మంగళవారం సాయంత్రం వెళ్లి చూస్తే గరిష్ఠం 94 అని ఉంటుంది, ఎందుకంటే రీసెట్ చేసిన మరుక్షణమే థర్మామీటర్ సోమవారం వేడిని పట్టేసుకుంది. ఒక వేడి రోజు రెండు రోజులుగా నమోదైంది. పొద్దున ఏడింటికి చదివేవాళ్లకు ఇదే తిరగేసి జరుగుతుంది, ఒక చలి ఉదయం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. వెనకటి రోజుల్లో ఎక్కువమంది సాయంత్రం చదివేవారు. వాన నీళ్లు ఎండకు ఆవిరవకముందే కొలవాలని రానురాను ఉదయానికి మారారు. దాంతో వాతావరణంలో ఏ మార్పూ లేకపోయినా రికార్డులో చల్లబడినట్టు కనిపిస్తుంది. ఈ తేడాను లెక్కగట్టి సరిచేసే పద్ధతిని థామస్ కార్ల్, ఆయన సహచరులు 1986లో ప్రచురించారు. అదే దశాబ్దంలో థర్మామీటర్లు ఉంచే తెల్ల చెక్క గూళ్లు పోయి ప్లాస్టిక్ పళ్లేల గూట్లో ఎలక్ట్రానిక్ సెన్సార్లు వచ్చాయి. అవి పగటి గరిష్ఠాన్ని కాస్త తక్కువ చూపిస్తాయి. దాన్నీ సరిచేయాలి. పోనీ సవరణలన్నీ ఒకే దిక్కుగా ఉన్నాయా అంటే, అదీ లేదు. భూమి మొత్తం మీద చూస్తే, ఓడల మీద బకెట్లతో తోడి కొలిచిన పాత సముద్రపు లెక్కలను సరిచేయడం వల్ల దీర్ఘకాలపు వేడెక్కుదల కాస్త తగ్గింది కూడా. ఆ పెద్దమనిషి ఈ ముక్క విని, "అయితే సవరించకపోతేనే తప్పంటారా?" అన్నారు. అవునన్నాను. ఒప్పుకున్నారో, పులిహోర చల్లారిపోతోందని వదిలేశారో తెలియదు.

అలాగని నా పెరటి లెక్కతో వాతావరణ మార్పును నిరూపిస్తానని కాదు, అది ఒక్క పెరడు. మిడ్‌వెస్ట్ ఈ విషయంలో చిక్కుముడి కూడా. మొక్కజొన్న పండే నేలల్లో వేసవి పగళ్లు పెద్దగా వేడెక్కలేదు. చలికాలాలు, రాత్రులు వేడెక్కాయి. "మా ఊళ్లో ఎండలేం పెరగలేదు" అనే రైతూ, చలికాలాలు మెత్తబడ్డాయనే అతని తండ్రీ ఇద్దరూ సరిగ్గానే చెబుతుండవచ్చు. ఇలాంటి చోట నాకు అన్నిటికన్నా నచ్చే రికార్డు విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్‌ది. అక్కడి మెండోటా సరస్సు ఏ రోజు గడ్డకట్టింది, ఏ రోజు విడిచింది అన్నది 1850ల నుంచి రాస్తున్నారు. అంత పెద్ద సరస్సు గడ్డకట్టిందని ఎలా తేల్చాలి? పిక్నిక్ పాయింట్ నుంచి మేపుల్ బ్లఫ్ దాకా పడవ వేసుకుని వెళ్లగలమా లేదా, అంతే. థర్మామీటర్ లేదు, రీసెట్ లేదు, ప్లాస్టిక్ గూడు లేదు. నియమం మొరటుదే, కానీ ఎప్పుడూ అదే నియమం. అప్పట్లో నాలుగు నెలలు ఉండే గడ్డ ఇప్పుడు రమారమి నెల తక్కువ ఉంటోంది. ఆ లెక్కను ఎవరు సవరించారని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఖర్చు ఎక్కువేం కాదు. గొట్టం, స్కేలు, ప్లైవుడ్ ముక్క, తెల్ల రంగు డబ్బా అన్నీ కలిపినా ఇంటిల్లిపాదీ బయట బిర్యానీ తినే ఖర్చు. స్మార్ట్ స్టేషన్ కూడా పెట్టుకుంటే అందులో లిథియం బ్యాటరీలు వేయండి, మామూలు ఆల్కలైన్‌వి గట్టి చలి వచ్చిన రాత్రే, అంటే సరిగ్గా మీకు అంకె కావాల్సిన రాత్రే చేతులెత్తేస్తాయి. సెలవులకు ఇండియా వెళితే ఆ రోజుల్లో సున్నాలు రాయకండి, చూడలేదని రాయండి. తిరిగొచ్చాక గొట్టంలో ఉన్నదంతా కలిపి ఒకే మొత్తంగా ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని నమోదు చేసే వీలుంది. గొట్టానికి స్తంభం మాత్రం నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ లోపు పాతేయండి. డిసెంబరులో నేల గడ్డకట్టాక గునపం దిగదు.